విమానం టికెట్టులో ఫోన్ నంబరు ఎవరిదో చూసుకోండి, మా అమ్మకి జరిగింది మీ ఇంట్లో జరక్కూడదు

మన శ్రీకాకుళంలో విమానం టికెట్లు చేసే ఆ ట్రావెల్స్ అబ్బాయి మీలో చాలామందికి తెలుసు. పేరు ఇక్కడ రాయను. "అక్కా, అక్కా" అంటూ మాట్లాడతాడు, దుబాయ్ వెళ్ళే పిల్లలందరికీ అతనే చేస్తాడు, మాకూ నాలుగేళ్ళుగా అతనే. మొన్న గురువారం అతని వల్ల మా అమ్మ హైదరాబాద్ నుంచి వైజాగ్ దాకా ఎలా వచ్చిందో చెప్తాను, వినండి.

అమ్మకి డెబ్భై ఒకటి. దసరాకి కూకట్‌పల్లిలో తమ్ముడింటికి వెళ్ళి బాత్‌రూమ్‌లో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. అక్కడే ఆపరేషన్ చేసి బంతి మార్చారు. ఏడు వారాలయ్యాక డాక్టరు గారు ప్రయాణం చెయ్యొచ్చన్నారు. అనడంతో పాటు కాగితం మీద రాసి కూడా ఇచ్చారు: పల్లంగా ఉన్న సీట్లో కూర్చోకూడదు, మోకాలు తుంటి కన్నా పైకి లేవకూడదు, కాలు చాపుకునే చోటుండాలి, గంటకోసారి లేచి నిలబడాలి. ఆ కాగితం పట్టుకునే నేను ఆ ట్రావెల్స్‌కి వెళ్ళాను.

"బిజినెస్ క్లాసు చేయించక్కా, ముందు వరసలో రాణిలా వస్తాది అమ్మ" అన్నాడు. మా ఇంట్లో ఎవరమూ బిజినెస్ క్లాసు ఎక్కినవాళ్ళం కాదు. గంటంబావు ప్రయాణానికి అంత డబ్బేమిటని నేనూ రెండు రోజులు ఆలోచించాను. కానీ విషయం సుఖం కాదు, కాలు. మామూలు సీట్లలో వరసకీ వరసకీ మధ్య 28 నుంచి 30 అంగుళాలుంటుంది, పక్కపక్కన మూడేసి సీట్లు. బిజినెస్‌లో ఇటు రెండు అటు రెండు, సీటు వెడల్పు, ముందు కాలు చాపుకునేంత జాగా. చీటీ పాడిన డబ్బుంది, తీసి ఇచ్చేశాను. టికెట్టు 19,300, ఇద్దరికీ 38,600. అందులో పన్ను కూడా ఎక్కువే. మామూలు సీటు మీద జీఎస్టీ 5 శాతమైతే, బిజినెస్ మీద 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం చేశారు. అదీ కట్టాను.

గురువారం మధ్యాహ్నం శంషాబాద్‌లో తమ్ముడు దింపి ఆఫీసుకి వెళ్ళిపోయాడు. వీల్‌చెయిర్ ముందే చెప్పి ఉంచాం, అది వచ్చింది. కౌంటర్ దగ్గర అబ్బాయి బోర్డింగ్ పాసులు ఇచ్చాడు. చూస్తే 22వ వరస. అమ్మకి మధ్య సీటు, నాకు కిటికీ. పొరపాటు పడ్డాడేమోనని టికెట్టు చూపించాను. అతను కంప్యూటర్లో చూసి, విమానం మారింది మేడమ్, ఈ రోజు వచ్చిన విమానంలో బిజినెస్ క్యాబిన్ లేదు, అన్నీ ఒకే రకం సీట్లే అన్నాడు.

మాకెవరూ చెప్పలేదే అన్నాను. "మంగళవారమే బుకింగ్‌లో ఉన్న నంబరుకి మెసేజ్ పంపాం. మీరు ఒప్పుకున్నట్టు లింక్ కూడా నొక్కారు" అన్నాడు. ఆ నంబరేమిటని అడిగితే చివరి నాలుగంకెలు చెప్పాడు. అది నా నంబరు కాదు, తమ్ముడిదీ కాదు, ఆ ట్రావెల్స్ అబ్బాయిది.

అక్కడ నిలబడే అతనికి ఫోన్ చేశాను. చుట్టూ గోలగా ఉందని స్పీకర్ పెట్టాను. అదే నేను చేసిన పెద్ద తప్పు. ఎందుకంటే అమ్మ నా పక్కనే వీల్‌చెయిర్‌లో ఉంది.

మెసేజ్ వచ్చిందా అని అడిగాను. వచ్చింది అన్నాడు. ఎందుకు చెప్పలేదంటే అతనన్న మాటలు మార్చకుండా రాస్తున్నాను: "చెప్తే మీరు కాన్సిల్ చేసేస్తారక్కా, మళ్ళీ నేనే తిరగాలి. గంట ప్రయాణానికి ఏటక్కా ఇంత గొడవ? ముసలామె ఏ సీట్లో కూకుంటే ఏటి?"

అమ్మ విన్నది. ఏమీ అనలేదు. ఒళ్ళో ఉన్న మందుల సంచి ముడి విప్పి మళ్ళీ వేసుకుంది. ఆమె చీర కుచ్చిళ్ళు చక్రంలో పడతాయేమోనని నేను వంగి సర్దుతున్నాను, ఫోన్‌లో అతను ఇంకా "అక్కా, లైన్లో ఉన్నారా" అంటూనే ఉన్నాడు. ఈ అమ్మే రెండేళ్ళ క్రితం అతని షాపుకి నాతో వచ్చినప్పుడు, పెళ్ళైందా నాయనా అని అడిగి, సంచిలోంచి నాలుగు సున్నుండలు తీసి చేతిలో పెట్టింది. అతనికి గుర్తుందో లేదో. నాకు డబ్బు కంటే ఆ మాటే లోపల గుచ్చుకుంటోంది. చెప్తే మేం వద్దంటామని అతనికి తెలుసు. తెలిసే దాచాడు. తెలిసే మా తరఫున ఒప్పుకున్నాడు.

కౌంటర్ అబ్బాయినీ బతిమాలాను. డాక్టరు గారి కాగితం చూపించాను. అతను దాన్ని చదవను కూడా లేదు. "గంటే కదా మేడమ్, సర్దుకోండి" అన్నాడు. ఎమర్జెన్సీ తలుపు దగ్గర వరసలో కాలు పెట్టుకునే చోటుంటుందట కదా, అదిమ్మన్నాను. వీల్‌చెయిర్‌లో వచ్చినవాళ్ళకి అది ఇవ్వరట. ఆ మాట న్యాయమే, ప్రమాదం వస్తే తలుపు తెరవగలిగినవాళ్ళే అక్కడుండాలి. మొదటి వరస సీట్లు అప్పటికే అమ్ముడైపోయాయి.

అప్పుడు నేను ఆగిపోవాల్సింది. ఈ విమానం ఎక్కము, బిజినెస్ ఉన్న విమానంలో పంపండి, లేదా డబ్బంతా ఇవ్వండని గట్టిగా నిలబడాల్సింది. నిలబడలేదు. తమ్ముడు వెళ్ళిపోయాడు, మళ్ళీ కూకట్‌పల్లి అంటే గంటన్నర కారులో కూర్చోవాలి, వైజాగ్‌లో మా కారు వచ్చి ఉంది. అమ్మేమో "ఎల్లిపోదామే, నాకేటీ అవ్వదు, గంటే గదా" అంది. వాళ్ళన్న మాటే మా అమ్మ నోట కూడా వచ్చేసరికి నా నోరు పడిపోయింది. నేను చదువుకున్నదాన్ని, పాతికమంది పిల్లలకి పాఠాలు చెప్తాను, మా అమ్మ కోసం పది నిమిషాలు నిలబడలేకపోయాను.

విమానంలో నడవ పక్క సీట్లో పలాస కుర్రాడొకడున్నాడు, ఇంజనీరింగ్ చదువుతున్నాడట. మేం అడక్కముందే లేచి అమ్మకి ఆ సీటిచ్చి తను మధ్యలోకి జరిగాడు. ఆ బిడ్డ చల్లగా ఉండాలి. అయినా ముందు సీటు మోకాలికి తగులుతూనే ఉంది. అమ్మ కాలు నడవలోకి చాపితే, తినుబండారాల బండి తోసుకొచ్చిన అమ్మాయి ప్రతిసారీ కాలు లోపలికి పెట్టుకోమంది. ఆ పిల్ల తప్పు కాదు, దాని పని అది. నాలుగుసార్లు అమ్మ ఆ కాలు రెండు చేతులతో ఎత్తి లోపలికి పెట్టుకుని, బండి వెళ్ళాక మళ్ళీ ఎత్తి బయట పెట్టుకుంది. నాలుగోసారి కొంగు పళ్ళ మధ్య పెట్టుకుంది.

వైజాగ్‌లో దిగాక ఇంకా నూట పది కిలోమీటర్లు కారు. భోగాపురం దగ్గర డ్రైవరు కొత్త ఎయిర్‌పోర్టు గురించి ఏదో చెప్తున్నాడు, నాకు వినబుద్ధి కాలేదు. రణస్థలం దగ్గర ఆపి అమ్మని నిలబెడదామంటే కాలు కింద ఆనించలేకపోయింది, చీలమండ దగ్గర వాచిపోయింది. ఇంటికొచ్చాక ఇక్కడి డాక్టరు గారు చూసి, రక్తం గడ్డ కట్టిందేమోనని స్కాన్ చేయించారు. దేవుడి దయ, గడ్డ లేదు. కానీ వాకర్ పట్టుకుని వీధి గుమ్మం దాకా నడుస్తున్న మనిషి ఈ మూడు రోజులూ మంచం మీదే ఉంది.

తమ్ముడు ముందే అన్నాడు, విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో ఏసీలో కింద బెర్తు చేయిద్దాం, పడుకుని వస్తుంది, ఆమదాలవలసలో దింపుకోవచ్చు అని. నేనే వద్దన్నాను. రాత్రంతా రైలేమిటి, విమానమైతే గంట అన్నాను. నేనూ ఆ గంట లెక్కే చూశాను.

ఇక డబ్బు సంగతి. శుక్రవారం షాపుకి వెళ్తే, రెండు టికెట్లకీ కలిపి తేడా ఆరువేలు వస్తుంది, వచ్చాక ఇస్తాను అన్నాడు. అక్కడే కూర్చుని ఫోన్‌లో డీజీసీఏ, అంటే విమాన సంస్థల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ, పెట్టిన నిబంధన తీశాను. మీరూ గుర్తుపెట్టుకోండి, ఇది 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉంది. మన ఇష్టం లేకుండా కొన్న క్లాసు కంటే తక్కువ క్లాసులో కూర్చోబెడితే, దేశంలో తిరిగే విమానమైతే పన్నులతో సహా టికెట్టు ధరలో 75 శాతం తిరిగివ్వాలి. విదేశాలకైతే దూరాన్ని బట్టి: 1,500 కిలోమీటర్ల వరకు 30 శాతం, 3,500 వరకు 50, ఆ పైన 75. మా లెక్కన టికెట్టుకి 14,475, రెండింటికీ 28,950 రావాలి. ఆరువేలు ఎక్కడ, ఇరవై తొమ్మిది వేలు ఎక్కడ?

ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేస్తే, మీరు మార్పుకి ఒప్పుకున్నారు కాబట్టి ఇది మీ ఇష్టంతో జరిగినట్టే అంటున్నారు. ఒప్పుకున్నది మేం కాదు. టికెట్టు మా అమ్మ పేరు మీదుంది, డబ్బు నాది, లింక్ నొక్కిన వేలు అతనిది. ఏం ఇచ్చినా టికెట్టు కొన్న ఖాతాకే, అంటే ట్రావెల్స్ ఖాతాకే వేస్తారట. అక్కడ పడ్డాక నాకు ఎప్పుడొస్తుందో మీరే ఊహించుకోండి. ఏజెంటు ద్వారా కొన్న టికెట్టుకైనా రీఫండు బాధ్యత ఎయిర్‌లైన్‌దేనని డీజీసీఏ నిబంధనల్లోనే ఉంది, ఏజెంటు వాళ్ళ ప్రతినిధే కాబట్టి. ఆ ముక్క వాళ్ళకి రాసి పంపాను. విమాన ప్రయాణికుల ఫిర్యాదులకి కేంద్రం పెట్టిన సైటు ఎయిర్‌సేవలో కూడా ఫిర్యాదు పెట్టాను. నిన్న 1915కి, అదే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడి ఫిర్యాదు నంబరిచ్చారు.

ఇదీ కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 చట్టం ప్రకారం మనం ఉన్న ఊళ్ళోనే కేసు వేయొచ్చు, ఎయిర్‌లైన్ ఆఫీసు ఎక్కడుంటే అక్కడికి పరిగెత్తక్కర్లేదు. ఐదు లక్షల లోపు వాటికి ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేయాలి.

మీకు చెప్పేది కొంచెమే. టికెట్టు ఎవరు చేసినా ఫోన్ నంబరు, మెయిల్ మీవే పెట్టించండి, షాపులో నిలబడి స్క్రీన్ మీద చూసుకోండి. ప్రయాణానికి రెండు రోజుల ముందు ఎయిర్‌లైన్ సైట్లో మీ బుకింగ్ మీరే తెరిచి సీటు నంబరు చూడండి. వీల్‌చెయిర్‌కీ 48 గంటల ముందే చెప్పాలి, ఆ రోజే ఇదీ చూసేయండి. రెక్కలకి పంకాలుండే చిన్న ఏటీఆర్ విమానాల్లో మన దగ్గర బిజినెస్ ఉండదు, కాబట్టి ఏ విమానమో అడగండి. కౌంటర్ దగ్గర క్లాసు తగ్గించారని తెలిస్తే ఎక్కే ముందే కాగితం మీద రాయించుకోండి, పాత టికెట్టు, కొత్త బోర్డింగ్ పాసు రెండూ ఫోటో తీసుకోండి. నేను పాసు ఫోటో తీశాను గాని, రాయించుకోలేదు.

ఈ పొద్దున్న అతని మెసేజ్ వచ్చింది. "అక్కా, బయట ఎక్కడా పెట్టకండి, మాట్లాడుకుందాం" అని. ఒక్క మాట అమ్మ గురించి అడగలేదు, ఎలా ఉందని. అందుకే పెడుతున్నాను.

ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చాడు, అమ్మ దగ్గరికి వెళ్తున్నాను. ఎయిర్‌లైన్‌కి నేను రాసిన ఉత్తరం తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంది. ఎవరికైనా కావాలంటే అడగండి, పేర్లు తీసేసి పంపిస్తాను.