లాగే కుక్కకి లీషు ఎక్కడ తగిలించాలి: మెడకా, ఛాతీకా, మూతికా?

పటమటలో మా సందు మలుపు తిరగ్గానే నాలుగు వీధికుక్కలు కాపలా కూర్చున్నట్టు ఉంటాయి. వాటిని చూస్తే చాలు, ముప్పై కిలోల మా లాబ్రడార్ గాడికి పూనకం. నేనైతే ఎలాగో ఆపుకుంటాను, కానీ పొద్దున్నే వాణ్ణి తిప్పేది మా అమ్మ. అందుకే ఈ బెల్టుల గొడవలోకి దిగాను.

షాపులో మొదట చేతిలో పెట్టింది చోక్ చైన్. వద్దని తిరిగి ఇచ్చేశాను. కుక్క లాగినకొద్దీ అది గొంతుకి బిగుస్తుంది, శ్వాసనాళం దెబ్బతినొచ్చు, కంట్లో ఒత్తిడీ పెరుగుతుంది. లాగే కుక్కకైతే మామూలు మెడ బెల్టూ అంత మంచిది కాదు. ముఖ్యంగా పామేరియన్ లాంటి చిన్న జాతులకు శ్వాసనాళం కుంగిపోయే జబ్బు ఎక్కువ, వాటికి హార్నెస్సే (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీలు), ఇక ఆలోచన అక్కర్లేదు.

హార్నెస్ అంటే లీషు తగిలించే రింగు వీపు మీద ఉండేది తెచ్చుకునేరు! ఎద్దుకి కాడి కట్టినట్టే, ఛాతీ బలమంతా పెట్టి ఇంకా హాయిగా లాగుతుంది. రింగు ఛాతీ మీద ఉండాలి. అప్పుడు లాగితే ఒళ్లు పక్కకి తిరిగిపోతుంది, లాగి లాభం లేదని దానికే తెలుస్తుంది. అలవాటు చేయడం కూడా తేలిక. కాకపోతే చంకల్లో ఒరుసుకుంటుంది, మన బెజవాడ ఎండల్లో రోజూ విప్పి చూడాలి (పనిలో పనిగా పిడుదులు కూడా దొరుకుతాయి). భుజాలకి అడ్డంగా పట్టీ వచ్చే రకమైతే నడక ఇబ్బంది.

ఇక హెడ్ హాల్టర్. జెంటిల్ లీడర్, హాల్టీ పేర్లతో అమ్మేవి ఈ రకమే. ఒక పట్టీ చెవుల వెనక, ఒకటి ముక్కు మీదుగా, గుర్రానికి కట్టినట్టు. తల ఎటు తిరిగితే ఒళ్లూ అటే వస్తుంది కాబట్టి పెద్ద కుక్కని బలం లేనివాళ్లు కూడా తిప్పగలరు. దీన్ని చూసి దూడ మూతికి వేసే చిక్కం అనుకుని "కరుస్తుందా అండీ?" అని అడుగుతారు. అది కాదు, దీంతో నోరు తెరవొచ్చు, వగర్చొచ్చు, నీళ్లు తాగొచ్చు, కరవనూ వచ్చు!

కానీ అసలు జాగ్రత్తంతా దీంతోనే. మెడ పట్టీ చెవుల వెనకే, ఒక వేలు మాత్రమే దూరేంత బిగువుగా ఉండాలి, ముక్కు పట్టీ వదులుగా ఉండాలి, కానీ ముక్కు కొస దాటి జారిపోకూడదు, కళ్లలోకి ఎక్కకూడదు. లీషుని గుంజారంటే మెడ తిరిగిపోతుంది, అసలు గుంజొద్దు. లాగితే సాగే లీషు, పొడవాటి తాడు దీనికి పనికిరావు. కుక్క పరుగెత్తి తాడు చివరికొచ్చి ఆగితే ఆ విసురంతా మెడ మీదే పడుతుంది. ఇంట్లో ఉండగా తీసేయండి. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి ఇది నిలవనే నిలవదు.

మొదటి రోజే తొడిగి రోడ్డెక్కితే గోకి గోకి, నేల మీద పొర్లి పరువు తీస్తుంది, మావాడు తీశాడు. తర్వాత బుద్ధొచ్చి, పట్టీలోంచి బిస్కెట్ చూపించి మూతి వాడే దూర్చేదాకా ఆగాను. తర్వాత రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు, అలా దాదాపు రెండు వారాలు.

అంత ఓపిక లేకపోతే ఛాతీ మీద రింగు ఉండే హార్నెస్ చాలు, ఎక్కువమందికి నేను అదే చెప్తాను. కుక్క మరీ బలమైనది, పట్టుకునేవాళ్లు బలహీనులు అయితేనే హాల్టర్. మేమైతే రెండు కొక్కేల లీషు వాడుతున్నాం. ఒక కొస హార్నెస్‌కి, రెండోది హాల్టర్‌కి. బరువు హార్నెస్ మీదే, హాల్టర్ వైపు వదులుగా ఉంటుంది, తల తిప్పాల్సి వచ్చినప్పుడే మెల్లగా వాడతాం. ఆ మలుపు వైపు వెళ్లొద్దని అమ్మకి చెప్పాను, కొంగున బిస్కెట్ ముక్కలు కట్టుకుని రోజూ అటే వెళ్తోంది.