కమ్ బై, అవే టు మీ: కుక్క ఎటు తిరగాలి?

బ్రిటన్ గొర్రెల కాపరులు బోర్డర్ కోలీ కుక్కకు చెప్పే ఈ మాటలకు నిఘంటువులో అర్థం వెతికితే దారి తప్పుతాం. ‘కమ్ బై’ అంటే దగ్గరికి రమ్మని కాదు, మంద చుట్టూ గడియారం ముల్లు తిరిగే వైపు వెళ్లమని. అచ్చం గుడి ప్రదక్షిణే: మంద ఎప్పుడూ కుక్కకు కుడిపక్కన ఉంటుంది. ‘అవే టు మీ’ అప్రదక్షిణం. చాలాసార్లు ఉత్త ‘అవే’ అంటారు.

వీటిని ఎడమ, కుడి అని బట్టీ పడితేనే చిక్కు. కాపరి పక్కనుంచి బయల్దేరేటప్పుడు కమ్ బై అంటే ఎడమకే. కుక్క మంద అవతలికి చేరాక మాత్రం, అదే మాటకు కాపరి కంటికి కుడివైపు కదులుతుంది. వలయాన్నే గుర్తుంచుకోండి. ఇంకోటి, కుక్క ఎడమకు వస్తే గొర్రెలు కుడికి జరుగుతాయి. మాట తారుమారైతే మంద గేటుకు దూరంగా పోతుంది.