మిద్దెతోట క్యారెట్ కిట్: సంచులు బాగున్నాయి, మట్టి మిశ్రమం చాలదు

క్యారెట్‌కు నారు పోసి నాటే పద్ధతి పనికిరాదు. లేత తల్లివేరు కాస్త తెగినా, వంగినా దుంప రెండు మూడు పాయలుగా చీలిపోతుంది కనుక, విత్తనాన్ని నేరుగా మడిలోనే చల్లుకోవాలి. అటువంటప్పుడు, హైదరాబాద్‌లోని మా మిద్దెకు ఆన్‌లైన్‌లో తెప్పించిన క్యారెట్ కిట్‌లో నారు ట్రే ఎందుకు పెట్టారో అర్థం కాలేదు. టమాటాకూ వంగకూ సర్దిన పెట్టెనే విత్తనాల ప్యాకెట్ మార్చి పంపుతున్నట్లుంది.

సంచుల విషయంలో మాత్రం వంక పెట్టడానికి లేదు. పన్నెండు అంగుళాల వెడల్పు, అంతే లోతు ఉన్న ఈ గ్రో బ్యాగుల కుట్లు పంట పూర్తయ్యే వరకు వీడలేదు. రంధ్రాలు అడుగుకు కాస్త పైన, పక్కలకు ఉండడంతో నీరు నిలవలేదు. విత్తనం కురోడా రకం. నాంటెస్ వంటి చలిప్రాంతపు రకాలకంటే ఇది మన వేడిని బాగా తట్టుకుంటుంది, దుంప మరీ పొడవు సాగదు, కాబట్టి సంచికి తగిన ఎంపికే. ప్యాకెట్ మీద మొలక శాతం, పరీక్షించిన తేదీ, గడువు స్పష్టంగా ముద్రించారు. క్యారెట్ మొలకెత్తడానికి ఒక్కోసారి రెండు వారాలు దాటుతుంది. అంతవరకు పైమట్టి ఎండకుండా తడి గోనెపట్టా కప్పి, మొలక కనబడగానే తీసివేయాలి. ఈ ముక్క కిట్‌తో వచ్చిన కరపత్రంలో లేదు.

అసలు లోపం మట్టి మిశ్రమంలో ఉంది. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) దిమ్మె, వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు) తప్ప మరేమీ ఇవ్వలేదు. ఆ మిశ్రమం మధ్యాహ్నానికే ఎండిపోయి, సాయంత్రం నీరు పోయగానే ఒక్కసారిగా తడిసేది. ఈ హెచ్చుతగ్గుల వల్ల దుంపలు నిలువునా పగిలాయి. అవే విత్తనాలను ఇటుకలతో కట్టిన ఎత్తు మడిలో, జల్లించిన ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి చల్లినప్పుడు దుంపలు తిన్నగా, నున్నగా దిగాయి. జల్లించకుండా వదిలిన మూలలో మాత్రం రాళ్లు తగిలి కాళ్లు పెనవేసుకున్న ఆకారాలు వచ్చాయి. అవి కూరకు పనికివస్తాయి గానీ, చెక్కు తీసేవారి సణుగుడు తప్పదు.

సంచికి గుప్పెడు విత్తనాలు చల్లమని కరపత్రం చెబుతోంది. మొక్కకూ మొక్కకూ మూడు అంగుళాల ఎడం ఉండేలా ఒత్తు మొక్కలను తీసివేయాలన్న మాట అందులో లేదు. ఆ లెక్కన ఒక సంచిలో పది పన్నెండు మొక్కలకు మించి పట్టవు; మొలిచినవన్నీ ఒత్తుగా అలాగే వదిలేస్తే ఆకు గుబురుగా పెరుగుతుంది తప్ప దుంప చిటికెన వేలంత కూడా ఊరదు. దుంప భుజాలు మట్టిపైకి తేలి ఎండ తగిలితే పచ్చబడి చేదెక్కుతాయి కనుక మధ్యమధ్యలో మట్టి ఎగదోయాలి. కిట్‌లో అందుకు అదనంగా గుప్పెడు మట్టి కూడా మిగలదు.

పెట్టె మీద ‘ఏడాది పొడవునా పండించండి’ అని అచ్చువేయడం కొనేవారిని తప్పుదోవ పట్టించడమే. దుంపకు రంగు, ఆకారం చక్కగా రావాలంటే 15 నుంచి 20 డిగ్రీల వాతావరణం అనుకూలం. మన దగ్గర సెప్టెంబరు చివరి నుంచి నవంబరు వరకు విత్తుకుంటేనే ఆ చలి అందుతుంది.

ఇదే అమ్మకందారు సంచులనూ విత్తనాలనూ విడిగా కూడా అమ్ముతున్నారు. ఆ రెండూ తీసుకుని, ఎర్రమట్టి, ఎరువు దగ్గర్లోని నర్సరీలో కొనుక్కునేవారికి పూర్తి కిట్‌తో పనిలేదు.