లైనర్ లేని ఇంజన్: 5.9 కమిన్స్‌తో నా 16 ఏళ్లు

మాది ఏపీ 36 నంబరు, 2007 మోడల్ పది టైర్ల లారీ. 2008లో హన్మకొండలో ఒకాయన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఎనుమాముల నుంచి నాగపూర్‌కు మిర్చి, పెద్దపల్లి మిల్లుల నుంచి బియ్యం, భూపాలపల్లి బొగ్గు, మంగపేట ఇసుక అన్నీ మోసింది. క్యాబిన్ రెండుసార్లు కట్టించాను. కమాన్ పట్టీలు ఎన్ని మార్చానో లెక్క లేదు. ఇంజన్ బ్లాకు మాత్రం మొదటిరోజు ఉన్నదే. ఈ 5.9 కమిన్స్ ఇంజన్ ఉన్న పాత బండి కొనాలా వద్దా అని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నా అనుభవం రాస్తున్నాను.

వరుసగా ఆరు సిలిండర్లు, 102 మిల్లీమీటర్ల బోరు, 120 స్ట్రోకు, మొత్తం 5.9 లీటర్లు. డిజైన్ 1980ల నాటిది, అమెరికాది. మన దగ్గర టాటా, కమిన్స్ కలిసి 1993లో పెట్టిన కంపెనీ జంషెడ్‌పూర్‌లో తయారుచేసింది. దీంట్లో ముందు మెచ్చుకోవలసింది టైమింగు, అంటే క్రాంకుతో పాటు వాల్వులు, డీజిల్ పంపు లెక్క తప్పకుండా కదిలే ఏర్పాటు. బెల్టు లేదు, చైను లేదు. క్రాంకు గేరు క్యామ్ గేరును తిప్పుతుంది, క్యామ్ గేరు డీజిల్ పంపును తిప్పుతుంది, అంతే. తెగేది, సాగేది ఏదీ లేదు. ఇన్నేళ్లలో టైమింగు కోసం నేను పైసా ఖర్చు పెట్టలేదు. ఆయిల్ కూలరు కూడా బ్లాకులోనే కూర్చుంది. బయట గొట్టాలు ఎంత తక్కువుంటే, కారే చోట్లు అంత తక్కువ.

నా దానికి ఇన్‌లైన్ పంపు. ఒక్కో సిలిండరుకు ఒక్కో ప్లంజరు, గవర్నరు కూడా మెకానికలే. దీని విలువ నాకు పస్రా దాటి తాడ్వాయి అడవిలో తెలిసింది. రాత్రి పదకొండు దాటింది, ఇసుక లోడు, బండి ఉన్నట్టుండి దగ్గి ఆగిపోయింది. ట్యాంకు నుంచి వచ్చే పైపు వాచరు దగ్గర గాలి పీలుస్తోంది. సిగ్నల్ లేదు. క్లీనరు టార్చి పట్టుకున్నాడు, నేను వాచరు మార్చి, ప్రైమరు (డీజిల్ ఎక్కించే చేతి పంపు) కొట్టి, నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేసి, సెల్ఫ్ కొడుతూ గాలి తీసేశాను. అరగంటలో బండి అందుకుంది. అయితే ఒక హెచ్చరిక: ఈ పని కొత్త కామన్ రైల్ ఇంజన్లలో, అంటే అన్ని నాజిళ్లకూ ఒకే ఎక్కువ ఒత్తిడి గొట్టం నుంచి డీజిల్ పోయేవాటిలో, చేయకండి. అక్కడ పైపులో 1600 బార్ పైగా ఒత్తిడి ఉంటుంది, సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పాత బండ్ల అలవాటుతో స్పానరు పట్టుకునే మేస్త్రీలు మన దగ్గర ఇంకా ఉన్నారు కాబట్టి చెబుతున్నాను.

ఇక అసలు సంగతి. ఈ ఇంజన్‌కు లైనర్లు, అంటే బ్లాకులో కూర్చోబెట్టి అరిగితే మార్చుకునే గొట్టాలు, లేవు. పిస్టన్ నేరుగా బ్లాకులో తొలిచిన బోరులోనే ఆడుతుంది. దీనివల్ల లాభం ఉంది. తడి లైనర్ల ఇంజన్లలో లైనరు కింద రబ్బరు రింగు పాడైతే నీళ్లు ఆయిల్ చాంబరులోకి దిగుతాయి, లైనరుకు బయటివైపు సూదిబెజ్జాలు పడతాయి. ఇక్కడ ఆ రెండు బాధలూ లేవు, బ్లాకూ గట్టిగా ఉంటుంది. కానీ బోరు గీసుకుపోతే లైనరు లాగి కొత్తది వేసి పొద్దుగూకేసరికి బండెక్కడం కుదరదు. బ్లాకే కిందికి దిగి బోరింగ్ మిషన్ ఎక్కాలి.

నాకు 2016 మే నెలలో ఆ అనుభవం ఎదురైంది. అంతకు వారం ముందు ఒక షాపులో రేడియేటరు బాగుచేయించాను. వాళ్లు కూలెంటు పోయకుండా బోరుబావి నీళ్లు నింపి పంపారు. మూత తీసి చూసుకోకపోవడం నా తప్పు. బియ్యం లోడుతో నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కుతుంటే వేడి ముల్లు పైకి జరిగింది. పై మలుపులో ఆపుదామనుకున్నాను. ఆ మలుపు వచ్చేసరికి హెడ్ గాస్కెట్ పోయింది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు ఎక్కువైన చాయ్‌లా ఉంది. బండిని వెనక్కి నిర్మల్‌కు లాగించి హెడ్డు తీయించాను. ఆరు సిలిండర్లకూ ఒకటే హెడ్డు, 26 బోల్టులు. హెడ్డు లేతు మీద సాఫు చేయించి, కొత్త గాస్కెట్ వేసి, మధ్య నుంచి బయటికి విడతలుగా బిగించారు. బండి కదిలింది, లోడు చేరింది. నెల తిరగకముందే ఆయిల్ తాగడం మొదలుపెట్టింది.

వరంగల్ ఆటోనగర్‌లో ఇంజన్ దించినప్పుడు మా ఉస్తాద్ ఆరో సిలిండరులో వేలు పెట్టి చూసి, "అన్నా, బ్లాకుకు ఏం కాలే. బోరు గీసుకపోయింది, గంతే. నీళ్లు మంచియి పోస్తే ఇది ఇంకో పదేండ్లు ఇప్పకపోతుండె" అన్నాడు. అప్పటికి మీటరులో 6 లక్షల 40 వేల కిలోమీటర్లు. ఆరు బోర్లూ అర మిల్లీమీటరు పెంచి, ఆ సైజు పిస్టన్లు వేశాం. ఈ ఇంజన్‌కు 0.5, 1.0 మిల్లీమీటరు ఓవర్‌సైజు పిస్టన్లు దొరుకుతాయి, అంటే బ్లాకును రెండుసార్లు బోరింగ్ చేసుకోవచ్చు. ఆ తర్వాత బోరులో స్లీవులు (పలచటి గొట్టాలు) ఎక్కించాలి. పదకొండు రోజులు బండి నిలబడింది, ఖర్చు కన్నా ఆ కిరాయిలు పోవడమే ఎక్కువ నొప్పించింది. అప్పటి నుంచి కూలెంటు డబ్బా నా సీటు వెనకాలే ఉంటుంది, మూత నేనే తీస్తాను.

ఇంజన్ విప్పినప్పుడే ఇంకో పని చేయించాను. ముందు గేరు కేసును బ్లాకు మీద సరిగ్గా కూర్చోబెట్టే చిన్న ఉక్కు పిన్ను ఒకటుంది. అమెరికాలో ఇదే ఇంజన్ పెట్టిన పికప్ బండ్లలో కొన్నిటికి ఆ పిన్ను వదులై గేర్ల మధ్య పడి నష్టం చేసింది. పక్క బోల్టు కింద చిన్న పట్టీ పెట్టి దాన్ని మూస్తే సరిపోతుంది. నా దాంట్లో కదల్లేదు, అయినా మూయించాను. ముందు కవరు తీసినప్పుడు మీరూ చేయించండి.

టాపెట్లు (వాల్వుల సందు) ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే పెట్టించండి, ఇన్‌టేక్ పది థౌ, ఎగ్జాస్ట్ ఇరవై. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. బొగ్గు లోడింగుకు తిరిగేవాళ్లు ఎయిర్ ఫిల్టరు విషయంలో పిసినారితనం చేయొద్దు. లైనరు లేని బోరులోకి దుమ్ము పోతే అరిగేది బ్లాకే.

మా తమ్ముడి కొడుకు కొత్త బీఎస్ 6 బండి నడుపుతున్నాడు. నిజం చెప్పాలంటే ఘాట్‌లో అది నాకన్నా ఒక గేరు పైన ఎక్కుతుంది, పొగ కనపడదు. నా బండి లోడుతో లీటరుకు నాలుగు కిలోమీటర్లు దాటదు, ఎత్తులో నల్లగా ఊదుతుంది. ఊళ్ల మధ్య నుంచి పోయేటప్పుడు ఆ పొగ నాకే నచ్చదు. రోజూ దూరం తిరిగేవాళ్లకు కొత్తదే మంచిది. ఇసుక, వడ్లు, చుట్టుపక్కల కిరాయిలు చేసుకుంటూ సొంతంగా నడుపుకునేవాళ్లకు మాత్రం నేను ఇప్పటికీ ఈ ఇంజనే చెబుతాను.

కొనేటప్పుడు పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. స్టార్ట్ చేసి ఆయిల్ పోసే మూత తీయండి. ఆవిరి కొద్దిగా ఉంటే ఫరవాలేదు, ఫుక్కు ఫుక్కుమని కొడుతుంటే రింగులు పోయినట్టే. రేడియేటరులో వేలు ముంచితే తుప్పు నీళ్లు వస్తే ధర మాట్లాడకుండానే వెనక్కి రండి. బోరింగ్ చేయించామంటే బిల్లు అడిగి, ఏ సైజు పిస్టన్లు వేశారో చూడండి. ఇప్పటికే 1.0 వేసి ఉంటే, స్లీవుల ఖర్చు లెక్కగట్టి ఆ మేరకు ధర తగ్గించి అడగండి.