తిరుపతిలో మేం చూసిన ఎన్‌ఐసీయూ (పసికందుల ఐసీయూ): పగలు చాలా బాగుంది, రాత్రి మనుషులు చాలరు

మంచీ చెడూ రెండూ రాస్తున్నా కాబట్టి ఆసుపత్రి పేరు పెట్టడం లేదు, తిరుపతిలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రి. మా చెల్లెలికి 31 వారాలకే కాన్పయింది, పాప 1,350 గ్రాములు. పీలేరు నుంచి, శ్రీకాళహస్తి నుంచి వచ్చేవాళ్లు ఎన్ని వెంటిలేటర్లు ఉన్నాయి, పెద్ద డాక్టరు ఎవరు అని అడుగుతుంటారు. అవీ కావాలి, కానీ అక్కడి నర్సులు తప్పు కనిపిస్తే నోరు తెరిచి చెప్పగలరా లేదా అన్నది ముందు చూడండి.

ఇంత చిన్న పిల్లలకి మందు మిల్లీలీటరులో పదో వంతు లెక్కన కూడా పడుతుంది, దశాంశ చుక్క ఒక్కటి అటూ ఇటూ అయితే డోసు పది రెట్లు పెరుగుతుంది, లేదా పదో వంతుకి పడిపోతుంది. అందుకే ఇక్కడ ఒక సిస్టర్ పాప బరువు, మందు పేరు, డోసు పైకి చదివితే, రెండో ఆమె సిరంజి చూసి సరేనన్నాకే మందు ఎక్కించే పంపుకి పెడతారు. రౌండ్స్‌కి వచ్చిన పెద్ద డాక్టరు నేరుగా ఇంక్యుబేటర్‌లో చెయ్యి పెట్టబోతే, కొత్తగా చేరిన అమ్మాయి "సార్, చేతులు" అంది. ఆయన ఏమీ అనుకోకుండా వెనక్కి వెళ్లి కడుక్కొని వచ్చాడు.

నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. చెల్లెలు కంగారూ కేర్‌లో పాపని ఎదమీద వేసుకొని ఉంటే నర్సు పాల సిరంజి తెచ్చింది, పాప కాలి ట్యాగ్‌తో సరిచూసి ఆగిపోయింది. అవి పక్క పాప తల్లి పాలు. వేరే తల్లి పాలు పరీక్ష లేకుండా పడితే ఇన్‌ఫెక్షన్ భయం ఉంటుంది. కానీ తాగించలేదు కదా, చప్పుడు చేయకుండా మార్చేసి ఉంటే మాకు తెలిసేదే కాదు. ఆమె మాకు చెప్పింది, రిజిస్టర్‌లో రాసింది, హెడ్ సిస్టర్ వచ్చి ఎవరినీ తిట్టకుండా ఎలా జరిగిందని అడిగింది. ఇద్దరు తల్లుల పేర్లూ ఒకటే, అదీ సంగతి. ఆ సాయంత్రం నుంచే స్టిక్కర్ మీద పేరుతో పాటు ఐపీ నంబర్ (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబర్) కూడా రాస్తున్నారు. తిడితే ఇంకోసారి ఎవరు చెప్తారు?

రాత్రి మాత్రం పరిస్థితి వేరు. స్టాఫ్ బాగా తగ్గిపోతారు, ఒక మానిటర్ మోగుతుంటే సిస్టర్ ఇంకో పాప దగ్గర ఉంటుంది, బయట నిల్చున్న మాకు టెన్షన్. మందు సరిచూడ్డానికి రెండో మనిషి ఎక్కడినుంచి వస్తుంది? ఇది ఆ సిస్టర్ల తప్పు కాదు, జీతాలిచ్చి మనుషుల్ని పెట్టాల్సింది మేనేజ్‌మెంట్. వాళ్లనే అడిగాను, చూస్తామన్నారు. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగుల భద్రతా దినోత్సవాన్ని పసికందులు, పిల్లల భద్రత కోసమే జరిపింది, ఆ మాట డ్యూటీ చార్టులో కూడా కనబడాలి కదా.

డిశ్చార్జ్ అప్పుడు, పాప పుట్టిన నెల లోపు రెటీనా (కంటి లోపలి పొర) పరీక్ష తప్పనిసరి అని తేదీ రాసిచ్చి, ముందు రోజు ఫోన్ చేసి మరీ గుర్తుచేశారు. నెలలు నిండని పిల్లలకి అది తప్పిపోతే చూపే పోవచ్చు, ఎక్కడ చూపించినా అడిగి చేయించుకోండి.

ఐదుకి నాలుగు ఇస్తున్నా. రాత్రి డ్యూటీకి మనుషుల్ని పెంచితే ఐదూ ఇస్తా.