ఏడేళ్లుగా నడుపుతున్న పాత పోలో: బాగుచేసినవి, మార్చినవి, మార్చి మళ్ళీ తీసేసినవి

2018 డిసెంబరులో ఒంగోలులో ఒక విశ్రాంత ఉద్యోగి దగ్గర ఏపీ 27 నంబరున్న 2011 నాటి ఫోక్స్‌వ్యాగన్ పోలో డీజిల్ బండిని 2,30,000 రూపాయలకు కొన్నాను. అప్పటికి గేజీ మీద 88,000 కిలోమీటర్లు ఉన్నాయి. ఇప్పుడు 1,71,000 దాటాయి. ఇల్లు కావలిలో, పని నెల్లూరులో కావడం వల్ల వారానికి రెండుసార్లు జాతీయ రహదారి 16 మీద వెళ్లి వస్తుంటాను, అప్పుడప్పుడు చెన్నై దాకా పోతుంటాను. ఆయిలు, ఫిల్టర్ల వంటి మామూలు సర్వీసింగు లెక్కలోకి తీసుకోకుండా ఈ ఏడేళ్లలో ఈ బండి మీద 1,95,000 రూపాయలు పెట్టాను. అందులో దాదాపు అరవై వేలు నా సరదాకు పోయిన డబ్బు. ఆ అరవై వేల సంగతి కూడా దాచకుండా రాస్తున్నాను, ఎందుకంటే ఇటువంటి బండి కొనాలనుకునేవారికి అదే ఎక్కువ పనికివస్తుంది.

పోలో మన దేశంలో 2010లో వచ్చి 2022లో ఆగిపోయింది. పుణె దగ్గరి చాకన్ ఫ్యాక్టరీలో తయారయ్యేది. నాది మూడు సిలిండర్ల 1.2 లీటర్ల టీడీఐ ఇంజన్, 1199 సీసీ, 75 హార్స్‌పవర్, 180 న్యూటన్ మీటర్ల టార్కు. తయారీ ఆగిపోయిన బండికి సామాన్లు దొరుకుతాయా అని చాలామంది అడుగుతుంటారు. వెంటోకూ, స్కోడా ఫాబియా, ర్యాపిడ్‌లకూ దీనికీ చాలా సామాన్లు ఒకటే కావడంతో ఇప్పటివరకు ఏ సామాను కోసమూ వారం రోజులకు మించి ఆగలేదు. నెల్లూరులో దొరకనిది చెన్నైలో పాత సామాన్లు అమ్మే పుదుపేటలో దొరికింది, అక్కడా లేనిది పార్సిల్‌లో వచ్చింది.

కొన్న మర్నాడే బండిని నెల్లూరులో నాకు తెలిసిన షెడ్డుకు తీసుకుపోతే, మెకానిక్ బానెట్ ఎత్తకముందే అడిగిన మాట, "టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు ఉందా సార్?" బిల్లు లేదు. పాత యజమాని మార్చినట్టే గుర్తు అన్నారు తప్ప ఎప్పుడో చెప్పలేకపోయారు. ఈ ఇంజన్‌లో పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్టు తిరిగే వేగానికి సరిగ్గా సగం వేగంతో వాల్వులను తెరిచి మూసే క్యామ్ షాఫ్టును తిప్పేది పళ్లున్న రబ్బరు బెల్టే. అది తెగితే వాల్వులు తెరుచుకున్నవి తెరుచుకున్నట్టే నిలిచిపోతాయి, పైకి వచ్చే పిస్టన్లు వాటిని కొట్టి వంచేస్తాయి. అప్పుడు హెడ్డు దింపక తప్పదు, బండి కొన్న ధరలో సగం అక్కడే పోతుంది. బెల్టు విప్పి చూస్తే పళ్ల మొదట్లో సన్నని పగుళ్లు కనిపించాయి. వాటర్ పంపును కూడా తిప్పేది ఆ బెల్టే కనుక బెల్టును బిగువుగా ఉంచే టెన్షనరు, పుల్లీలు, పంపు అన్నీ కలిపి మార్చాము, మజూరీతో 17,000 అయింది. పంపు బాగానే ఉంది కదా, వదిలేద్దామా అని నేను అడిగాను. రెండేళ్లకు ఆ పంపు కారితే బెల్టు విప్పే మజూరీ మళ్ళీ ఇవ్వాలి కదా అని ఆయన అన్నప్పుడు నోరు మూసుకున్నాను.

ఆ తరువాత పని కింది భాగానిది. ఒంగోలు, చీమకుర్తి మధ్య గ్రానైటు లారీలు తిరిగే దారుల్లో పాత యజమాని ఎక్కువగా తిప్పినట్టుంది, ముందు చక్రాల నుంచి ప్రతి గుంతకూ టకటక శబ్దం వచ్చేది. చాలామంది ఈ శబ్దం రాగానే షాకబ్జార్లు పోయాయని తేల్చేస్తారు. మా మెకానిక్ ముందు లింక్ రాడ్లు విప్పి బండిని నడిపి చూడమన్నాడు, శబ్దం సగం తగ్గింది. తరువాత జాకీ మీద లేపి చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మును గడ్డపారతో కదిలిస్తే దాని అతుకులో ఉండే బుష్ రబ్బరు చీలి ఉన్న సంగతి బయటపడింది. చివరికి లింక్ రాడ్లు, లోయర్ ఆర్ము బుష్‌లు, షాకబ్జారు పైన ఉండే మౌంటింగులు మార్చాము. షాకబ్జార్లలో ఆయిలు కారడం లేదు కనుక వాటిని ముట్టుకోలేదు, అవి ఆ తరువాత మరో మూడేళ్లు నడిచాయి. మొత్తం 11,500 ఖర్చుతో బండి నడక మారిన తీరు, తరువాత నేను చేసిన ఏ హంగు వల్లా రాలేదు. తొంభై మీద పోతుంటే స్టీరింగు చేతిలో బరువుగా, నిలకడగా ఉండటం, ఓవర్‌బ్రిడ్జీల అతుకుల మీద ఒక్క దెబ్బతో సర్దుకోవడం, తలుపు వేసినప్పుడు దబ్బుమని పడటం వంటి గుణాల కోసమే మనుషులు ఈ బండిని వెతుక్కుంటారు. కింద రబ్బరు అరిగి ఉన్నంతకాలం ఆ గుణాలు బయటికి కనిపించవు.

ఇక సరదా సంగతి. 2020లో లాక్‌డౌన్ సడలించాక చేతిలో కాస్త డబ్బు, కాస్త తీరిక ఉన్నాయి. పదిహేడు అంగుళాల అల్లాయ్ చక్రాలు, 205/45 టైర్లు, బండిని నలభై మిల్లీమీటర్లు కిందికి దించే స్ప్రింగులు వేయించాను. చూడటానికి బండి గొప్పగా ఉండేది, ఆ మాట నిజం. కంపెనీ నుంచి వచ్చినప్పుడు నేలకు 168 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న బండి, నలుగురు కూర్చుంటే మా వీధి మొదట్లో ఉన్న స్పీడ్ బ్రేకరును పొట్టతో రాసుకుంటూ దాటేది. తుమ్మలపెంట సముద్రానికి పిల్లలతో వెళితే దారి పొడవునా మా ఆవిడ సీటు అంచున కూర్చుని ప్రతి గతుకునూ ముందుగా చెప్పేది. నవంబరు వానలకు రోడ్ల మీద గుంతలు నీళ్లతో నిండి కనబడకుండా పోయిన రోజుల్లో, ఒక గుంతలో పడి ముందు ఎడమ రిమ్ము వంగింది. టైరు గోడ పలచగా ఉంటే దెబ్బ తినే పని రిమ్ముకే వస్తుందని లెక్క తెలిసి కూడా వేయించుకున్నాను కనుక ఎవరినీ అనడానికి లేదు. ఎనిమిది నెలలకు చక్రాలూ స్ప్రింగులూ నష్టానికి అమ్మి, ఇదే పోలో పై రకానికి కంపెనీ ఇచ్చే పదిహేను అంగుళాల పాత చక్రాలను పుదుపేటలో కొని 185/60 టైర్లు వేయించాను. నా బండికి మొదట వచ్చిన 175/70 పద్నాలుగు అంగుళాల టైరు మొత్తం వ్యాసం 601 మిల్లీమీటర్లు, దీనిది 603. అందువల్ల గేజీ తప్పు చూపదు, టైరు ఎక్కడా రాసుకోదు, మలుపుల్లో పట్టు మాత్రం బాగా పెరుగుతుంది. ఈ బండికి వేసిన హంగుల్లో నేను నిలుపుకున్న మొదటిది ఇదే.

చక్రాల విషయంలో ఇంకొక మాట చెప్పాలి. మన ఊళ్లలో మనకు అలవాటైన చాలా బండ్లలో చక్రం బిగించే హబ్బు నుంచి స్టడ్లు, అంటే మరలున్న కడ్డీలు, బయటికి ఉంటాయి, చక్రాన్ని వాటికి తగిలించి నట్లు బిగిస్తాము. పోలోలో స్టడ్లు ఉండవు, బోల్టును చక్రం గుండా హబ్బులోకి బిగించాలి. ఒకసారి రాత్రి పదిన్నరకు సింగరాయకొండ దాటాక పంక్చరై, స్టెప్నీని ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో బోల్టు రంధ్రం వెతుక్కుంటూ, లారీలు పక్కనుంచి దూసుకుపోతుంటే అరగంట అవస్థ పడ్డాను. మర్నాడే లేత్ షాపులో పద్నాలుగు మిల్లీమీటర్ల పాత చక్రం బోల్టు తల కోయించి పొడుగాటి పిన్నుగా చేయించుకున్నాను. ముందు దాన్ని చేత్తో హబ్బులోకి తిప్పి, చక్రాన్ని దానికి తగిలిస్తే మిగతా నాలుగు బోల్టులూ వాటంతట అవే దారికి వస్తాయి. ఎనభై రూపాయల ఆ పిన్ను ఇప్పుడు డిక్కీలో జాకీ పక్కనే ఉంటుంది.

నిలుపుకున్న రెండో మార్పు హెడ్‌లైట్ల రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చి. పాతబడిన వైరింగు, మసకబారిన అద్దాల వల్ల రాత్రి పూట కావలి, నెల్లూరు మధ్య దారి నాకు సరిగా కనిపించేది కాదు. అందరూ వంద వాట్ల బల్బులు వేయమన్నారు. వేస్తే సాకెట్టు కరుగుతుంది, ఎదుటివాళ్ల కళ్లు పోతాయి, పైగా అది చట్టానికి విరుద్ధం. మల్టీమీటరు పెట్టి చూస్తే ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు ఉన్నది బల్బు దగ్గరికి వచ్చేసరికి 11.8 మాత్రమే ఉంది. బల్బు వెలుగు వోల్టేజీకి తగ్గట్టు కాక అంతకంటే చాలా వేగంగా పడిపోతుంది కనుక ఆ రెండు వోల్టుల నష్టం కంటికి సగం చీకటిలా అనిపిస్తుంది. బ్యాటరీ నుంచి లావుపాటి వైరుతో ఫ్యూజు గుండా నేరుగా బల్బుకు కరెంటు ఇచ్చి, పాత వైరును రిలేను ఆన్ చేయడానికి మాత్రమే వాడితే, అదే 60/55 వాట్ల బల్బు దగ్గర 13.5 వచ్చింది. అద్దాలను నీటి ఎమరీ కాగితంతో రుద్ది పాలిష్ చేయించాను. రెండింటికీ కలిపి 2,600 అయింది, ఇంతకంటే చవకగా ఇంత ఉపయోగం ఇచ్చిన పని ఈ బండి మీద మరొకటి లేదు.

ఎలక్ట్రికల్ పనుల్లో చిక్కుపెట్టింది డ్రైవరు తలుపు. తలుపు తెరిస్తే లోపలి దీపం వెలిగేది కాదు, కొన్నిసార్లు మూసినా డ్యాష్‌బోర్డు మీద తెరిచినట్టే గుర్తు చూపేది. పదేళ్ల పాటు వేలసార్లు తెరిచి మూసిన లాకులో ఒక చిన్న స్విచ్చి అరిగిపోవడమే కారణం. లాకు మొత్తం మారిస్తే అప్పట్లో ఆరు వేలకు పైగా చెప్పారు. దాన్ని విప్పి తెచ్చి మా ఊళ్లో టీవీలు బాగుచేసే ఒక పెద్దాయన ముందు పెడితే, ఆయన కళ్లద్దాలు సర్దుకుని, దానిలోని మైక్రో స్విచ్చి తీసి, అలాంటిదే ఇంకొకటి టంకం వేసి ఇచ్చి 250 తీసుకున్నారు. నాలుగేళ్లుగా పనిచేస్తోంది. ఇటువంటి బండి పెట్టుకునేవారికి కోడ్లు చదివే స్కానరు ఉన్న మెకానిక్ ఎంత అవసరమో, టంకం పని తెలిసిన మనిషి కూడా అంతే అవసరం.

ఇంజన్ కంప్యూటరులో ప్రోగ్రాము మార్చి శక్తి పెంచే రీమ్యాపింగు గురించి స్నేహితులు ఇప్పటికీ పోరుతుంటారు. ఈ ఇంజన్ 2,000 ఆర్‌పీఎం లోపు మందకొడిగా ఉంటుందన్నది నిజమే, ఊళ్లో రెండో గేరులో పాకుతున్నప్పుడు విసుగు పుడుతుంది. అయినా నేను చేయించలేదు. లక్షన్నర కిలోమీటర్లు దాటిన క్లచ్చు మీద, టర్బో మీద అదనపు బరువు వేసి, తరువాత ఆ రెండూ మార్చుకునే స్తోమత నాకు లేదు. పైగా ఈ ఇంజన్ ఫోక్స్‌వ్యాగన్ ఈఏ189 డీజిల్ ఇంజన్ల కుటుంబానికి చెందినది. పరీక్షలో మాత్రమే పొగ తక్కువ చూపే సాఫ్ట్‌వేర్ పెట్టారన్న వివాదం తరువాత 2015 డిసెంబరులో కంపెనీ మన దేశంలో మూడు లక్షలకు పైగా బండ్లను సాఫ్ట్‌వేర్ దిద్దడానికి వెనక్కి పిలిపించింది ఈ ఇంజన్ల విషయంలోనే. నా బండికి ఆ పని జరిగినట్టు పాత ఫైలులో కాగితం ఉంది, దాని మీద మరొకరి చేత ప్రోగ్రాము రాయించాలనిపించలేదు. దానికి బదులు పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వులో పేరుకున్న మసి శుభ్రం చేయించి, ఎండలకు గట్టిపడి పగుళ్లిచ్చిన వ్యాక్యూమ్ గొట్టాలను మార్పించాను. ఉన్న 75 హార్స్‌పవరూ మళ్ళీ కనిపించాయి.

ఏసీ గురించి రెండు మాటలు. 2022లో కూలింగ్ కాయిల్ కారింది, డ్యాష్‌బోర్డు విప్పడంతో మజూరీయే ఎక్కువైంది, మొత్తం 14,000. అప్పటి నుంచి రోహిణి కార్తె ఎండల్లో కూడా చల్లగా ఉంటోంది. మైలేజీ హైవేలో ఎనభై, తొంభై మీద పోతే ఇరవై దాటుతుంది, నెల్లూరు ట్రంకు రోడ్డు రద్దీలో పదిహేనుకు పడుతుంది. వెనుక సీటులో పొడుగువాళ్ల మోకాళ్లు ముందు సీటుకు ఆనుతాయి, కొనేముందే తెలుసు, అందువల్ల మా మామగారిని ఎప్పుడూ ముందే కూర్చోబెడతాము.

ఒక్క విషయంలో మాత్రం ఏ మరమ్మతూ పనికిరాదు. నా బండిలో ఎయిర్‌బ్యాగులు లేవు. 2014లో కార్లను గుద్దించి భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ జరిపిన పరీక్షలో ఎయిర్‌బ్యాగులు లేని పోలోకు పెద్దల రక్షణలో సున్నా నక్షత్రాలు వచ్చాయి, రెండు ఎయిర్‌బ్యాగులున్న అదే పోలోకు నాలుగు వచ్చాయి. బండి శరీరం గట్టిదే, కానీ లోపలి మనిషి తల స్టీరింగుకు తగలకుండా ఆపేది అది కాదు. బయట నుంచి కొని బిగించుకునే వస్తువు కూడా కాదు ఎయిర్‌బ్యాగు. ఇది 2018లో నాకు పట్టలేదు, ఇప్పుడు పడుతోంది. ఈ రోజు ఎవరైనా నన్ను అడిగితే ఇంకో యాభై, అరవై వేలు ఎక్కువైనా ఎయిర్‌బ్యాగులూ, గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్సూ ఉన్న రకాన్నే చూడమని చెబుతాను, నేను చక్రాలకూ స్ప్రింగులకూ పోగొట్టుకున్న డబ్బు సరిగ్గా అంతే మరి.

రెండు లక్షలకు బండి కొనేవారు మరో లక్ష విడిగా పక్కన పెట్టుకోగలిగితేనే దీని జోలికి రావాలి. అందులో మొదటి ముప్పై వేలు బెల్టుకూ బుష్‌లకూ పోతాయి, చూసేవారికి ఏమీ కనిపించదు. వచ్చే ఆగస్టుకు నా బండి ఆర్‌సీకి పదిహేనేళ్లు నిండుతాయి, అయిదేళ్ల రెన్యువలుకు వెళ్లేటప్పుడు బండి కంపెనీ ఇచ్చిన తీరుకు తేడా లేకుండా ఉండాలి, అందుకు ఇప్పుడు నాకు బెంగ లేదు. అంతకు ముందే చేయవలసిన పని ఒకటి మిగిలింది. మొదటి బెల్టు వేసి 83,000 కిలోమీటర్లయింది. రెండో కిట్టు పోయిన నెలలోనే తెప్పించాను, బిల్లుతో సహా అల్మారాలో ఉంది, సంక్రాంతి సెలవుల్లో వేయిస్తాను.