నాణేల కొట్టులో క్రికెట్ కార్డులు: చూపించుకోవచ్చు, అమ్మే ముందు ఆలోచించండి

తిరుపతి గోవిందరాజస్వామి గుడి వెనక సందుల్లో పాత నాణేలు, స్టాంపులు అమ్మే కొట్టు ఒకటుంది. బోర్డు మీద అక్షరాలు ఎప్పుడో వెలిసిపోయాయి. చుట్టుపక్కల వాళ్ళు నాణేల కొట్టు అనే అంటారు. అక్కడి పెద్దాయన క్రికెట్ కార్డులకు కూడా వెల కడతాడని చాలామందికి తెలియదు. వెల తెలుసుకోవడానికైతే కళ్ళు మూసుకుని వెళ్ళండి. అమ్మడానికైతే కాస్త ఆగండి.

మా బామ్మర్ది చిత్తూరు నుంచి బిస్కెట్ డబ్బా నిండా కార్డులు తెచ్చాడు. తొంభైల్లో బబుల్‌గమ్‌తో వచ్చిన బొమ్మలు, ట్రంప్ కార్డులు, వాళ్ళబ్బాయి కొన్న క్రికెట్ అటాక్స్ ప్యాకెట్లు, అన్నీ అందులోనే. ఎవరో సచిన్ కార్డుకి లక్షన్నర రేటు పెట్టిన స్క్రీన్‌షాట్ ఫోన్‌లో పట్టుకుని తిరుగుతున్నాడు. పెద్దాయన దాన్ని చూసి, "అది వాడు అడిగే రేటు సామీ. ఎవురన్నా ఇచ్చినారా? ఇచ్చిందే రేటు," అన్నాడు. ఈబే అనే అమ్మకాల సైటులో అమ్ముడుపోయినవి మాత్రమే చూపించే ఫిల్టర్ పెట్టి, అదే కార్డు, అదే స్థితిలో, ఈమధ్య ఎంతకు పోయిందో చూపించాడు. కనీసం మూడు నాలుగు అమ్మకాలు దొరికితేనే లెక్కలోకి తీసుకుంటాడు. అందులో ఒకటి మరీ ఎక్కువకు పోయి ఉంటే దాన్ని పక్కన పెట్టేస్తాడు. క్రికెట్ కార్డులతో తిప్పలు ఇక్కడే. అమెరికాలో బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ కార్డులు చేతులు మారినంతగా ఇవి మారవు, పోల్చుకోవడానికి అమ్మకాలే దొరకవు. పైగా ఐపీఎల్ నడుస్తున్నప్పుడు ఎగిరిన రేటు సీజన్ అయిపోగానే దిగిపోతుంది. ఇంకో మాట కూడా చెప్పాడు: ఆ రేటులో సైటు వాళ్ళ కమిషన్, పోస్టేజీ పోగా చేతికొచ్చేది వేరు.

కార్డు చేతిలోకి తీసుకున్నాక ఆయన బొమ్మలో ఉన్నది ఎవరో ముందు చూడడు. టేబుల్ లైటు కింద ఏటవాలుగా పట్టుకుని గీతలు వెతుకుతాడు, తర్వాత భూతద్దంతో నాలుగు మూలలు. ధోనీ ఫాయిల్ కార్డు (తళతళ మెరిసే పూత ఉన్నది) ఒకటి మా కళ్ళకి కొత్తదానిలా ఉంది. కింద కుడి మూలలో రంగు లేచిపోయి ఆవగింజంత తెలుపు కనిపించింది. స్కేలు పెడితే ఎడమ అంచు 2 మిల్లీమీటర్లు, కుడి అంచు 3. అంటే 40/60. 1991లో మొదలైన పీఎస్ఏ లాంటి అమెరికా గ్రేడింగ్ సంస్థలు కార్డుకి 1 నుంచి 10 దాకా మార్కులేసి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేస్తాయి. 10 రావాలంటే ముందువైపు అంచుల తేడా సుమారు 55/45 దాటకూడదు. ఏ కార్డుకి ఏ గ్రేడు ఎన్నిటికి ఇచ్చారో లెక్క కూడా బయటపెడతారు కాబట్టి, 10లు నాలుగే ఉన్నాయా, నాలుగు వేలున్నాయా అన్నది కొనేవాడికి తెలిసిపోతుంది. మూడొందల రూపాయల కార్డుని దేశం దాటించి గ్రేడింగ్ చేయిస్తే ఖర్చు కూడా రాదని పెద్దాయనే తేల్చేశాడు.

పాతదైతే విలువ ఉన్నట్టే కదా అని మా వాడు ఊరుకోలేదు. అప్పుడు అమెరికా బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్ కార్డు సంగతి వచ్చింది. 1952లో టాప్స్ కంపెనీ తెచ్చిన ఆ బేస్‌బాల్ కార్డు సీజన్ చివర్లో వచ్చిన సిరీస్‌లోది. ఆ సిరీస్ సరిగ్గా అమ్ముడుపోలేదు. మిగిలిన సరుకుని కంపెనీ వాళ్ళు 1960లో అట్లాంటిక్ సముద్రంలో పారబోశారు, దాంతో అది అరుదైపోయింది. ఆ కార్డుల్లో 9 గ్రేడుది ఒకటి 2021లో 52 లక్షల డాలర్లకి, 9.5 గ్రేడుది ఇంకొకటి 2022లో కోటీ 26 లక్షల డాలర్లకి పోయాయి. ఆటగాడి మొదటి కార్డుకే గిరాకీ ఎక్కువంటారు కానీ, మాంటిల్ మొదటి కార్డు 1951లో బౌమన్ కంపెనీ వేసింది. దానికంటే దీనికే ఎక్కువ పలుకుతుంది. ఎనభైల చివర్లో, తొంభైల మొదట్లో అదే అమెరికాలో కుప్పలు తెప్పలుగా అచ్చేసిన కార్డులను జనం బీరువాల్లో దాచుకున్నారు. ఇప్పటికీ చాలావాటిని అడిగే నాథుడు లేడు.

నాకు బాగా నచ్చింది నకిలీలు పట్టే పద్ధతి. యూనివర్సిటీ దగ్గర జిరాక్స్, డీటీపీ షాపు నడుపుతాను కాబట్టి ఇది నాకు తెలిసిన పనే. అసలు ఆఫ్‌సెట్ ప్రింటులో బొమ్మ చుక్కలు చుక్కలుగా ఉన్నా, నల్ల అక్షరాలు మాత్రం అంచులు తెగినట్టు నిండుగా ఉంటాయి. కార్డుని స్కాన్ చేసి మళ్ళీ అచ్చేస్తే అక్షరాలు కూడా చుక్కలైపోతాయి. పెద్దాయన మా వాడి డబ్బాలో సచిన్ కార్డుని భూతద్దం కింద పెట్టి, "పేరు చూడు సామీ," అన్నాడు. ఎస్ అక్షరం అంచు ఇసక చల్లినట్టుంది. మా షాపులో తీసినా అంతకంటే బాగా వచ్చేది!

ఇక ఫిర్యాదులు. వెల కట్టినందుకు పైసా అడగడు, కానీ కొనేటప్పుడు తను చెప్పిన రేటులో సగమే ఇస్తానంటాడు. తనకీ లాభం ఉండాలి, నిజమే. అయినా సగం అంటే చేతులు రావు. బిల్లు ఇవ్వడు, రేటు కాగితం మీద రాసివ్వమంటే నవ్వేస్తాడు. కూర్చోవడానికి ఒక్క స్టూలే ఉంది. దాని మీద నాణేల ట్రేలు ఉంటాయి.

మా బామ్మర్ది ట్రంప్ కార్డులు వెనక్కి తీసుకెళ్ళాడు, ఫాయిల్ కార్డులు మూడు మాత్రం అక్కడే ఇచ్చేశాడు. మీరు వెళ్తే సాయంత్రం వెళ్ళండి, మధ్యాహ్నం షట్టర్ దించేసి ఉంటుంది. సందులోకి కారు దూరదు. కార్డులకి రబ్బరు బ్యాండు మాత్రం వేసి తీసుకెళ్ళకండి, రేటు చెప్పకముందే తిడతాడు.